గట్టు మీద పెరిగిన పిల్లలు

అక్టోబరు 6, సోమవారం

ఈ రోజు కూడా రెండు పాల ప్యాకెట్లు తెచ్చాను. ఆయనకీ నాకూ ఒకటి చాలు. కొట్టు దానమ్మ ఏమీ అనకుండా రెండూ ఇచ్చింది. రెండోది ఫ్రిజ్‌లో పెట్టబోతే నిన్నటిది అక్కడే ఉంది.

ఈ డైరీ ఎవరో ఇన్సూరెన్సు వాళ్ళు నతానియేలుకి ఇచ్చింది. వాడు బీరువాలో పడేశాడు. లారీల మీద తప్ప కాగితం మీద రాసే అలవాటు నా కొడుక్కి ఉండేది కాదు. నేను ఏడో తరగతి దాకా చదివాను. తప్పులుంటే ఉంటాయి. చూసేది నేనే కదా.

ఏడుపు రావడం లేదు. వచ్చినవాళ్ళంతా నా ముఖంలో దాన్నే వెతుక్కుంటున్నారు.

అక్టోబరు 7

బట్టలు ఉతికాను. వాడి చొక్కా ఒకటి ఉతకలేదు. రంగుల్లో కలిపే థిన్నర్ వాసన వస్తోంది.

అక్టోబరు 9, గురువారం

ఆటోనగర్ నుంచి బసవపున్నయ్య గారు వచ్చారు. టిప్పర్లున్నాయి ఆయనకు. నతానియేలు వాటికి రంగులు వేసేవాడు, నంబర్లూ బొమ్మలూ రాసేవాడు. కుర్చీలో కూర్చుని చాలాసేపు ఫ్యాను వంక చూశారు.

"నలభై ఒక్క ఏళ్ళకే గుండెపోటేంటమ్మా? మా నాన్న ఎనభై దాటినా చుట్ట మానలేదు."

"షుగరూ బీపీ రెండూ ఉన్నాయండీ. ముప్పై మూడో ఏట నుంచే."

"తలకాయ జబ్బు ఒకటి చాలదన్నట్టు!"

"దాని పేరు బైపోలార్ అండీ" అన్నాను. ఎందుకన్నానో తెలియదు.

"ఏదోలే అమ్మా. మీవాడు కిందికి పడ్డప్పుడు పలకరించినా పలికేవాడు కాదు. పైకెళ్ళాడా, ఇక చూడాలి. పొద్దున బండి అప్పజెప్తే సాయంత్రానికి నాలుగు వైపులా నెమళ్ళే. నేను అడిగింది నంబరు ఒక్కటే! ఒకసారి టిప్పర్ వెనకాల బైబిలు వాక్యం రాసేశాడు. ముందు అద్దం మీద దుర్గమ్మ, వెనకాల మీ వాక్యం. మా ఆవిడ చెరిపించమని గోల. చెరిపించలేదు. మూడేళ్ళయింది, ఒక్క పంక్చరు పడితే ఒట్టు."

నవ్వారు. నేనూ నవ్వినట్టు ముఖం పెట్టాను.

మంచం మీద నుంచి మా ఆయన అన్నాడు. "ఆ మందులే నా కొడుకుని మింగేశాయి సార్. పంతొమ్మిదేళ్ళు, రోజూ గుప్పెడు బిళ్ళలు. ఏ గుండె తట్టుకుంటుద్ది చెప్పండి?"

బసవపున్నయ్య గారు తల ఊపారు. ఆ మాటకు అందరూ తల ఊపుతారు.

డయానా టీ గ్లాసులతో గుమ్మంలో నిలబడి ఉంది. నా కూతురికీ అదే జబ్బు, అవే మందులు. ఆయనకు అది గుర్తులేదో, గుర్తుండే అన్నాడో.

అక్టోబరు 12, ఆదివారం

వాడి పేరున ఆదరణ కూడిక నవంబరు ఒకటో తేదీన పెట్టుకోమన్నారు మా చర్చి పాస్టరు ఏసుపాదం అయ్యగారు. వాక్యం, పాటలు, ఇంటివాళ్ళ సాక్ష్యం, భోజనాలు. "నేను చూసుకుంటా అమ్మా, నువ్వు దేనికీ కదలొద్దు" అంది డయానా. నేను కదలడం లేదు కాబట్టి సరిపోయింది.

పెట్టెలో పడుకోబెట్టేముందు వాడి కాళ్ళూ చేతులూ నేనే తుడిచాను. గోళ్ళలో ఎర్ర రంగు పోలేదు. దానమ్మ కిరోసిన్ గుడ్డ తెస్తానంది. వద్దన్నాను. అయ్యగారి భార్య వాడి చీలమండ చూసి "ఈ మచ్చేంటి సంపూర్ణమ్మా" అంది. చిన్నప్పుడు రొయ్యల చెరువు గట్టు మీద జారిపడ్డాడమ్మా అన్నాను.

ఇది ఎందుకు రాశానో. తెల్లారి నుంచీ ఆ మాటే తిరుగుతోంది.

అక్టోబరు 15, బుధవారం

డయానా ఇంకా చీకటుండగానే పటమటలో తన గది నుంచి గుణదలలో మా ఇంటికి నడిచి వచ్చేసింది. ఆటో ఎందుకు, కాళ్ళున్నాయిగా అంది. వచ్చీ రాగానే ఇల్లంతా కడిగింది. బీరువా సర్దింది. పక్కింటి వాళ్ళ మెట్లు కూడా కడిగింది. ఫ్రిజ్‌లో పేరుకున్న పాలన్నీ తోడుపెట్టి మజ్జిగ చేసి వీధంతా పంచింది. వాళ్ళ అన్న పోయాక వారం రోజులు గోడకు తిరిగి పడుకున్న పిల్ల. ఇప్పుడు ముఖం మెరుస్తోంది.

దానమ్మ మజ్జిగ తాగి, "చూశావా వదినా, దేవుడు దానికెంత ఆదరణ ఇచ్చాడో! నువ్వేమో కొయ్యబొమ్మలా కూర్చున్నావు. నీ కూతుర్ని చూసి నేర్చుకో" అంది.

బాగుంది. ఒక్కరైనా బాగుంటే చాలు.

అక్టోబరు 18

అన్నం మాడ్చాను. ఆయన తిట్టలేదు.

అక్టోబరు 20, సోమవారం

వీధిలో టపాసులు. ఆయన చెవుల్లో దూది పెట్టుకుని పడుకున్నాడు. మోకాళ్ళు వాచాయి. పెద్దవాడైపోయాడు జక్కయ్య. చెరువు పని వదిలేశాక ఆయన పిల్లల మీద చెయ్యెత్తలేదు. అదీ రాయాలి.

ఆయన కాపలా కాసిన రొయ్యల చెరువు బంటుమిల్లి అవతల. నేను అప్పుడు పామర్రులో ఆసుపత్రి ఆయాని. ఎక్కువగా రాత్రి డ్యూటీలే. పిల్లలు ఆయన దగ్గర గట్టు మీద పాకలో ఉండేవాళ్ళు. నతానియేలుకు పది, డయానాకు ఆరు. ఆదివారం కూర వండుకుని బస్సెక్కి వెళ్ళేదాన్ని. రొయ్యకు గాలి అందాలని నీళ్ళలో చక్రాలు తిరుగుతుంటాయి. డీజిలింజను. అది ఆగితే తెల్లారేసరికి చెరువంతా తేలిపోతుంది, కాపలావాడి బతుకు కూడా తేలిపోతుంది. అందుకని ఎవరో ఒకరు మేలుకుని ఇంజను చప్పుడు వినాలి. ఆయన తాగి పడుకునేవాడు.

వినేది వాడు.

జారిపడితే మచ్చ చీలమండ చుట్టూ గుండ్రంగా రాదు.

చాలు.

అక్టోబరు 24, శుక్రవారం

స్త్రీల సమాజంలో అందరికీ తెల్ల జాకెట్లు కుట్టేసింది డయానా. కొలతలు తీసుకోలేదు, చర్చిలో వెనక నుంచి చూసి కుట్టిందట. అందరికీ సరిపోయాయి, దానమ్మకు తప్ప. "నన్ను సన్నగా చూసిందిలే, అదే సంతోషం" అని దానమ్మ ఒకటే నవ్వు.

పాటలు నేర్పుతోంది. ఫ్లెక్సీ తనే వేయించింది. భోజనాలకు ఎంతమంది అంటే వీధి మొత్తం అంటోంది. మాట మీద మాట. ఒక మాట పూర్తికాకుండా ఇంకోటి. అందరూ ముచ్చటగా వింటున్నారు.

రాత్రుళ్ళు నిద్రపోతున్నావా అని నేను అడగలేదు. బాగున్న మనిషిని ఏమని అడుగుతాం.

బాగుంది. దేవుడి దయ.

అక్టోబరు 28, మంగళవారం

తుఫాను. పొద్దుటి నుంచీ కొండ మీద నుంచి ఎర్రనీళ్ళు మెట్ల మీదుగా దిగుతున్నాయి. డయానా తిరిగి వెళ్ళలేక ఇక్కడే ఉండిపోయింది. మధ్యాహ్నం అన్నం తిని నా పక్కన నడుం వాల్చింది. పది నిమిషాలు కళ్ళు మూతలుపడ్డాయి. అప్పుడే కరెంటు పోయి ఫ్యాను ఆగింది.

డయానా కళ్ళు తెరవకుండానే నా చెయ్యి పట్టుకుని గిల్లింది. గట్టిగా, మెలిపెట్టి. "లే అన్నయ్యా, లే, నాన్న లేస్తాడు" అంది.

ఆరేళ్ళప్పుడు దాని పని అది. ఇంజను ఆగినప్పుడు అన్న నిద్రలో ఉంటే గిల్లి లేపడం. ఆదివారం నేను వెళ్ళేసరికి వాడి చేతులు కందిపోయి ఉండేవి. దోమలమ్మా అనేవాడు.

దానికి మెలకువ వచ్చింది. నన్ను చూసి నవ్వి, లేచి పాట ఎత్తుకుని అంట్లు తోమడానికి వెళ్ళింది. చెయ్యి ఇంకా మండుతోంది. నేను దాని సంచి తీసి చూశాను. మాత్రల అట్టలు ఎక్కడివక్కడే ఉన్నాయి. ఒక్కటీ చింపలేదు.

"ఎప్పటి నుంచే?"

"టిప్పర్ల ఆయన వచ్చాడే, ఆ రోజు నుంచి." అంట్లు తోముతూనే చెప్పింది. "నాన్న అన్నది నిజమే కదమ్మా. అన్నయ్య పంతొమ్మిదేళ్ళు మానకుండా వేసుకున్నాడు, పోయాడు. నేను వేసుకోకుండా బతికి చూపిస్తా. చూడు ఎలా ఉన్నానో! నువ్వే చెప్పు, ఎప్పుడైనా ఇంత బాగున్నానా?"

లేదు. ఎప్పుడూ లేదు. వాడు మాత్రం ఉండేవాడు, నాలుగు వైపులా నెమళ్ళు వేసినప్పుడు.

అక్టోబరు 29

మాత్ర వేసుకోవే అన్నాను. వినలేదు. మళ్ళీ అన్నాను.

అక్టోబరు 30, గురువారం

అయ్యగారు కూడిక సంగతి మాట్లాడడానికి వచ్చారు. సాక్ష్యం తనే చెప్తానన్నాడు మా ఆయన.

"నా కొడుకు మందుల వల్ల పోయాడు. నా కూతురు మందులు మానేసింది, దేవుడు దాన్ని బాగుచేశాడు. లేచి నిలబడి ఇదే చెప్తా అయ్యగారూ. పదిమందికి మేలు."

అంటే ఆయనకు తెలుసు. నాకంటే ముందే తెలుసు.

అయ్యగారు జేబులోంచి చిన్న డబ్బా తీసి ఆడించారు. "జక్కయ్యా, ఇదేంటో తెలుసా? షుగరు బిళ్ళలు. ఇవి వేసుకునే నీ ఇంటికొచ్చి ప్రార్థన చేస్తున్నా. నేను కూడా మానేసి నిలబడమంటావా?"

"మీది వేరు అయ్యగారూ."

"ఏం వేరు? ఆ సాక్ష్యం నా కూడికలో వద్దు. అమ్మాయిని డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళండి."

"కూడిక అయ్యాక చూద్దాంలెండి" అన్నాడు ఆయన. అయ్యగారు వెళ్ళాక నా వంక తిరిగాడు. "మందులు కాకపోతే మరింకేం చంపింది వాణ్ణి? చెప్పు."

ఆయన జవాబు కోసం ఆగలేదు. చెవులు మూసుకున్నట్టు గబగబా బయటికెళ్ళి షామియానా వాళ్ళతో మాట్లాడాడు.

నవంబరు 1, శనివారం

కూడికకు వెళ్ళలేదు. డయానా దగ్గర ఉన్నాను.

నవంబరు 2, ఆదివారం

నిన్నటిది ఇప్పుడు రాస్తున్నాను. డయానా గదిలో, కుట్టుమిషను మీద పెట్టుకుని.

నిన్న పొద్దున ఏడు గంటలకే వీధిలో కుర్చీలు వేశారు. బిర్యానీ గుండిగలు దింపారు. డయానా తెల్ల చీర కట్టుకుని నా చీర ఇస్త్రీ చేస్తోంది. ఉన్నట్టుండి పెట్టె పక్కన పెట్టి, "అమ్మా, గుండె పరిగెడుతోంది, ఆగట్లేదు" అంది. చెయ్యి పెట్టి చూశాను. దాని కుట్టుమిషను కాలికింద ఎలా కొట్టుకుంటుందో అలా ఉంది. పెదాల మీద చెమట. అయినా మాట ఆపడం లేదు, దరువు ఎవరు వేస్తారు, మైకు ఎక్కడ పెట్టాలి అని చెబుతూనే ఉంది.

"ఆటో పిలవండి" అన్నాను.

"నిద్రలేక అంతే. అయ్యగారితో తలమీద చెయ్యి పెట్టించు, తగ్గుద్ది" అన్నాడు ఆయన. "జనం వచ్చేస్తున్నారు."

"ఈ రోజు నువ్వు లేకపోతే ఎలా వదినా? కన్నతల్లివి!" అంది దానమ్మ.

కన్నతల్లినే. ఇద్దరికీ. ఈ డైరీ ఉన్న చేతిసంచి తీసుకుని, డయానా చెయ్యి పట్టుకుని మెట్లు దిగాను. వీధి చివర ఫ్లెక్సీ మీద వాడు నవ్వుతున్నాడు, చేతిలో బ్రష్షు. ఆటో దాని పక్క నుంచే వెళ్ళింది. వెనక్కి తిరిగి చూడలేదు. చూసి ఉంటే ఆగిపోయేదాన్ని.

పెద్దాసుపత్రిలో గుండెకు తీగలు పెట్టి ఈసీజీ తీశారు. గుండెపోటు కాదన్నారు. బీపీ నూట డెబ్బై. షుగరు రెండు వందల నలభై. దానికి షుగరుందని నిన్నటి దాకా మాకు తెలియదు. ముప్పై ఏడేళ్ళు దానికి. తర్వాత మానసిక వైద్యుల దగ్గరికి పంపారు. డాక్టరమ్మ చిన్నదే, డయానా కంటే చిన్నది. డయానా చెప్పిందంతా అడ్డం రాకుండా విన్నది. జాకెట్లు, మజ్జిగ, పాటలు, అన్నీ. మందులు ఎందుకు మానేశారు అంటే, "మా అన్నయ్యను చంపాయి కాబట్టి మేడమ్" అంది డయానా.

డాక్టరమ్మ నా వైపు తిరిగింది. "అమ్మా, వీళ్ళ చిన్నతనం ఎలా గడిచింది?"

"బాగానే అండీ" అన్నాను.

అప్పటిదాకా గంటన్నరగా మాట్లాడుతున్న పిల్ల ఒక్కసారిగా ఆగింది. నా వంక చూడలేదు. తల వంచుకుని, చీర కొంగు అంచు వేళ్ళతో మడతపెడుతూ కూర్చుంది, జాకెట్టుకు మడత కుట్టేముందు పెట్టినట్టు.

"బాగా లేదండీ" అన్నాను.

ఆ తర్వాత చెప్పాను. ఇంజను సంగతి. నిద్రపోతే వాళ్ళ నాన్న వాణ్ణి కాలికి తాడేసి పాక గుంజకు కట్టేసేవాడని. బెల్టు సంగతి. ఒక చలికాలం చెరువులో నడుం లోతు నిలబెట్టాడని. ఆదివారాలు నేను చూసేదాన్నని, సోమవారం డ్యూటీకి వెళ్ళేదాన్నని. మూడేళ్ళని. డయానా గిల్లేదని. దెబ్బలు దీనికి తక్కువే కానీ భయం ఇద్దరికీ సమానమని. అంతా ఎవరిదో చెప్పినట్టు వచ్చింది.

"ఆయన కొట్టాడు కాబట్టే మా వాడు పోయాడా డాక్టరుగారూ?"

"అలా ఒక్కదాని మీద పెట్టి చెప్పలేమమ్మా" అంది. "మందుల వల్ల కూడా కొందరికి ఒళ్ళు వస్తుంది, షుగరు పెరుగుతుంది. అబద్ధం చెప్పను. అందుకే రక్తపరీక్షలు చేస్తూ ఉంటాం. కానీ ఈ జబ్బున్న వాళ్ళలో, చిన్నప్పుడు దెబ్బలూ భయమూ పడ్డవాళ్ళకి షుగరు, బీపీ, గుండె జబ్బులు మిగతావాళ్ళ కంటే ఎక్కువగా కనిపిస్తాయి. తొందరగా కూడా. ఖాయంగా వస్తాయని కాదు. వస్తాయేమోనని ముందే చూసుకోవాలి. మందులు ఒక్కసారిగా మానేస్తే మాత్రం ఇదిగో, ఇలా ఉంటుంది."

డయానా నవ్వింది. "రొయ్యలు బాగానే బతికాయి మేడమ్. మాకే షుగరు."

డాక్టరమ్మ నవ్వలేదు. మందు రాసి, అక్కడే ఎదురుగా నీళ్ళిచ్చింది. డయానా బిళ్ళ అరచేతిలో పెట్టుకుని చాలాసేపు చూసింది. "ఇది వేసుకుంటే మళ్ళీ మామూలుగా అయిపోతానా?" అంది.

"మామూలుగా ఉంటే నాతో ఉంటావు" అన్నాను. అదే వచ్చింది నోటికి.

వేసుకుంది.

రాత్రి అక్కడే ఉంచుకుని ఈ మధ్యాహ్నం పంపారు. నేను గుణదల వెళ్ళకుండా దానితో పటమట వచ్చేశాను.

సాయంత్రం ఆయన వచ్చాడు. మోకాళ్ళు పట్టుకుని రెండో అంతస్తు ఎక్కాడు. కూడిక బాగా జరిగిందని, మూడొందల మంది వచ్చారని, అందరూ నన్ను అడిగారని చెప్పాడు. సాక్ష్యం అయ్యగారు చెప్పనివ్వలేదట. డాక్టరు ఏమందని అడిగాడు. చెప్పాను. నేను డాక్టరుకు ఏం చెప్పానో కూడా చెప్పాను.

గుమ్మం దాటి లోపలికి రాలేదు.

"అయితే నేనే చంపానంటావ్."

"డాక్టరమ్మ అలా అనలేదు."

"నువ్వు?"

కోపం లేదు. ఏడుపూ లేదు. నేల మీద దారాలు పడి ఉంటే ఏరుతున్నాను.

"సరే, ఇంటికి పద" అన్నాడు.

"నేనిక్కడే ఉంటాను. దానికి మళ్ళీ రక్తపరీక్షలు అయ్యేదాకా."

"ఎన్నాళ్ళు?"

"చెప్పలేను. తర్వాత కూడా ఉంటానేమో."

"నాకు అన్నం ఎవరు వండుతారే?"

లోపల పడుకున్న డయానా దుప్పటి తీయకుండానే అంది. "కుక్కర్ మూత పెట్టు నాన్నా. మూడు విజిల్స్. నీకు చప్పుడు వినడం రాకపోతే పక్కింటివాళ్ళని వినమను."

ఆయన ముఖం చూశాను. ఆ ముఖం నేను ఇంతకుముందు చూడలేదు. గోడ పట్టుకుని మెట్లు దిగాడు. దింపడానికి వెళ్ళాలనిపించింది. వెళ్ళలేదు.

నవంబరు 4, మంగళవారం

డయానా మిషను మీద గుడ్డ కప్పి పడుకుంది. మగతగా ఉందంటోంది. మెరుపు పోయింది ముఖంలో. మెల్లగా రెండు ఇడ్లీలు తింది. వచ్చే వారం నుంచి పొద్దున్నే ఇద్దరం నడవాలని డాక్టరమ్మ చెప్పింది. దానికి చెప్పులు కొనాలి.

తొమ్మిదింటికి ఆయన ఫోను. దుర్గాపురంలో చుట్టాలెవరో అడిగారని, కరెంటు బిల్లు వచ్చిందని, ఏవేవో చెప్పాడు. తర్వాత గొంతు తగ్గించాడు.

"గ్లాసు బియ్యానికి నీళ్ళెన్ని పోయాలి?"

"రెండు. పాతబియ్యం, ఇంకొంచెం పోయండి."

పోసుకుంటున్న చప్పుడు వినిపించింది. మూత పెట్టిన చప్పుడు కూడా. ఫోను పెట్టేస్తాడనుకున్నాను. పెట్టలేదు. నేనూ పెట్టలేదు. అక్కడ పొయ్యి మీద కుక్కరు, ఇద్దరం అలాగే ఉన్నాం.

"అది బిళ్ళ వేసుకుందా?" అన్నాడు.

"వేసుకుంది."